భక్తి చెప్పుల మీద

(వాలంటీర్ల వార్షిక భోజనాల నాడు చెప్పుల గది బృందం తరఫున చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యులు కోరినందున పూర్తి పాఠం ఇస్తున్నాం.)

వేదిక మీద కూర్చున్న పెద్దలకూ, వేదికకు ఎదురుగా కూర్చుని వంటగది వైపు చూస్తున్న పెద్దలకూ, ఇంకా పార్కింగులో చోటు వెతుక్కుంటున్న పెద్దలకూ నమస్కారం.

మమ్మల్ని ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. తెలుగువాడి చేతికి మైకు ఇచ్చి ఐదు నిమిషాలు అనడమంటే, ఆవకాయ జాడీ మూత తీసి వాసన మాత్రం చూడమనడమే. అయినా ప్రయత్నిస్తాం.

ముందు మేమెవరో చెప్పుకోవాలి. అర్చన చీట్లు రాసేవాళ్ళు మీకు తెలుసు. పులిహోర కలిపేవాళ్ళు ఇంకా బాగా తెలుసు. మేం చెప్పుల గది వాళ్ళం. మొత్తం ఐదుగురం. ఇద్దరం రిటైరయ్యాం, ఇద్దరం ఎప్పుడు రిటైరవుతామా అని చూస్తున్నాం, ఒకరికి కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి సేవ గంటలు కావాలి. పండగ రోజుల్లో గుమ్మం పక్కన నిలబడి "అమ్మా, గూట్లో పెట్టండి, దారిలో వదలకండి" అనడం మా పని. జీతం లేదు, ప్రమోషన్ లేదు. కానీ ఈ చుట్టుపక్కల లేఆఫ్ భయం లేని ఉద్యోగం ఇదొక్కటే కాబట్టి వదులుకోం.

"చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద" అని మన పెద్దవాళ్ళు వెక్కిరింతగా అన్నారు. మా విషయంలో అది వెక్కిరింత కాదు, డ్యూటీ. గర్భగుడి దగ్గర నిలబడితే దేవుడు కనిపిస్తాడు. చెప్పుల దగ్గర నిలబడితే భక్తులు కనిపిస్తారు. ఇన్నేళ్ళలో మేం చూసినవి ఇవాళ మీ ముందు పెడతాం. ఎవరినీ ఉద్దేశించి కాదు. ఎవరికైనా తమ గురించే అనిపిస్తే, నిజంగా వాళ్ళ గురించే.

మొదటిది చెప్పులు. ఒకప్పుడు మనిషిని చూస్తే చెప్పులు గుర్తొచ్చేవి. ఇప్పుడు ఊరంతా ఒకే రకం నల్ల క్రాక్స్. నూట యాభై జతల నల్ల క్రాక్స్‌లో నా జత ఏదో చెప్పగలిగినవాడికి మోక్షం ఇచ్చేయవచ్చు, మళ్ళీ పరీక్ష పెట్టనక్కర్లేదు. గూళ్ళు ఖాళీగా ఉంటాయి, గూళ్ళ ముందు గుట్ట ఉంటుంది. గూడు మరీ దూరమా అంటే మూడడుగులు. శబరిమల నడిచి వెళ్ళినవారు, తిరుమల మెట్లెక్కినవారు, మోకాళ్ళ పర్వతం మోకాళ్ళ మీద ఎక్కినవారు మనలో ఉన్నారు. ఆ మూడడుగులే ఎవరివల్లా కావడం లేదు. వామనుడు మూడడుగుల్లో ముల్లోకాలు కొలిచాడు, మన భక్తుడు మూడడుగుల్లో అలిసిపోతాడు.

రెండోది టైము. పూజ ఆరు గంటలకు అని కార్డులో వేస్తాం. ఆరు గంటలకు వచ్చేది పూజారిగారు, మేము, పొరపాటున పిలుపు అందుకున్న ఒక అమెరికన్ పొరుగాయన. ఆయన ఆరుకి ఐదు నిమిషాల ముందే వచ్చి, చెప్పులు విప్పి, గూట్లో పెట్టి, ఎవరూ లేకపోయేసరికి తారీఖు తప్పిందేమో అని కంగారుపడి మమ్మల్ని అడుగుతాడు. ఏడున్నరకి మనవాళ్ళు వస్తారు. వస్తూనే "ఇంకా మొదలుపెట్టలేదా, మనవాళ్ళు ఎప్పుడూ ఇంతే" అంటారు. ఈ "మనవాళ్ళు" ఎవరో ఇంతవరకూ మాకు దొరకలేదు. ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ మనవాళ్ళ మీద విసుక్కునేవాళ్ళే. ఆఫీసులో ఎనిమిదింటి మీటింగుకి ఏడూ యాభై ఎనిమిదికి కెమెరా ముందు కూర్చునేది కూడా ఈ మనిషే.

మూడోది ఫోను. హారతి ఇచ్చే సమయానికి కళ్ళు మూసుకోవడం పాత పద్ధతి, చేయి పైకెత్తడం కొత్త పద్ధతి. గోవిందా అని ఎత్తారేమో అని మేం మొదట సంతోషించాం. చూస్తే ప్రతి చేతిలో ఒక ఫోను. ఎదురుగా సాక్షాత్తు స్వామి ఉంటాడు, మనం ఆయన్ని అరచేతిలో ఆరంగుళాల అద్దంలో చూస్తాం. వెనక నిలబడ్డ పిల్లవాడికి ముందున్న ముప్ఫై ఫోన్లలో ముప్ఫై మంది స్వాములు కనిపిస్తారు, అసలు స్వామి కనిపించడు. ఆ వీడియోలు మళ్ళీ ఎవరైనా చూస్తారా అంటే, ఫోనులో చోటు లేదని చెరిపేసే రోజున ఒకసారి చూస్తారు.

నాలుగోది పంచాంగం. ఇది మా గుమ్మం దగ్గర జరిగే అతి పెద్ద చర్చ. "పండగ ఇవాళా, రేపా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే చెప్పులు విప్పుతారు. అంటే జవాబు ఏదైనా ఇవాళే చేసుకుంటారన్నమాట. వాట్సాప్‌లో ఊరినుంచి పెదనాన్న ఒక తేదీ పంపిస్తాడు, హైదరాబాదు టీవీ ఒక తేదీ చెబుతుంది, ఇక్కడి గుడి కాలెండరులో ఇంకొకటి ఉంటుంది. అప్పుడు మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కాబట్టి ముగ్గురికీ ఓటింగు పెడతాం.

ఇందులో రహస్యమేమీ లేదు. చంద్రుడు సూర్యుడికి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది విజయవాడకైనా క్యారీకైనా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. మారేది మన సూర్యోదయ సూర్యాస్తమయాలు. వేసవి టైములో మనం ఇండియాకి తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. అందుకని ఒక పండగకి సూర్యోదయానికి తిథి ఉండాలంటే, ఇంకోదానికి మధ్యాహ్నానికి ఉండాలంటే, దీపావళికి సాయంకాలం అమావాస్య ఉండాలంటే, అక్కడి రోజూ ఇక్కడి రోజూ ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. ఈ మాట పూజారిగారు ప్రతి ఏడూ చెబుతారు. మనం ప్రతి ఏడూ తల ఊపి, ఇంటికెళ్ళి పెదనాన్న తేదీనే పాటిస్తాం.

2024 దీపావళి గుర్తుందా? ఇండియాలో అక్టోబరు 31 అని కొందరు, నవంబరు 1 అని కొందరు కొట్టుకున్నారు. మనకి ఆ చిక్కే లేదు. అమావాస్య 31 ఉదయం ఆరు దాటాక వచ్చి మర్నాడు ఉదయం దాకా ఉంది, సాయంకాలానికి శుభ్రంగా దొరికింది. కానీ 31 అంటే హాలోవీన్. లోపల లక్ష్మీదేవిని రమ్మని దీపాలు పెట్టుకుని తలుపు తీసి కూర్చుంటే, బయటినుంచి అస్థిపంజరాలు, దయ్యాలు, ఒక డైనోసారు వచ్చి గంట కొట్టాయి. ఆ రాత్రి మనలో ఒక ఇల్లాలు గుమ్మడికాయలో కొవ్వొత్తి పెట్టి, పక్కనే ప్రమిద వెలిగించి, వచ్చిన ప్రతి దయ్యానికీ చాక్లెట్టుతో పాటు ఒక మైసూరుపాకు ముక్క ఇచ్చింది. మరుసటి వారం ఆ వీధిలో ముగ్గురు పిల్లలు ఆ పచ్చ మిఠాయి ఏ షాపులో దొరుకుతుందని అడిగారట. ఇన్నేళ్ళలో ధర్మప్రచారం ఇంత తేలిగ్గా జరగడం మేం చూడలేదు.

గ్రహణాల సంగతీ అంతే. 2022 దీపావళి నాడు, అంటే అక్టోబరు 24న, మన ఊళ్ళో ఎనభై ఏడడుగుల రాజగోపురాన్ని గవర్నరు రాయ్ కూపర్ వచ్చి ప్రారంభించారు. మర్నాడు సూర్యగ్రహణం. ఇండియాలో కనిపించింది, మన ఊళ్ళో కనిపించలేదు. కనిపించని గ్రహణానికి దోషం ఉండదని చెప్పినా మనవాళ్ళు పెరుగు డబ్బాలో దర్భ వేశారు, ఫ్రిజ్‌లో పాలకీ వేశారు, ఒకాయన ప్రొటీన్ షేక్‌లో కూడా వేసుకున్నాడు. 2024 ఏప్రిల్ 8న, ఉగాది ముందురోజు, పట్టపగలు మన నెత్తి మీద సూర్యుణ్ణి ముప్పాతిక వంతు మింగేసిన గ్రహణం వచ్చింది. అది ఇండియాలో లేదు. ఊరినుంచి ఫోను రాలేదు. అంతే, అందరం కళ్ళద్దాలు పెట్టుకుని, ఆఫీసు పార్కింగులో సమోసాలు తింటూ చూశాం. మనకి దోషం రాహువు వల్ల కాదు, వాట్సాప్ వల్ల వస్తుంది.

ఐదోది వారాంతపు పండగలు. మన పండగలన్నీ శనివారమే వస్తాయి. సంక్రాంతి ఫిబ్రవరిలో, ఉగాది మే నెలలో చేసుకున్న సందర్భాలూ ఉన్నాయి, హాలు దొరకాలి కదా. కార్తీక వనభోజనాలు నవంబరులో చెట్టు కింద చేస్తే గడ్డకడతామని వేసవిలో చేస్తాం, వేసవిలో దోమలని లోపల ఏసీలో చేస్తాం. వనమూ లేదు, కార్తీకమూ లేదు, భోజనం మాత్రం నికరంగా ఉంటుంది. బతుకమ్మకి తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? షాపు ముందు కుండీల్లో అమ్మే చేమంతులతో పేర్చి, పిల్లల ఈత తొట్టిలో నిమజ్జనం చేస్తాం. భోగిపళ్ళకి రేగుపళ్ళు లేవని ఒకింట్లో బ్లూబెర్రీలు పోస్తే, పిల్లాడు కూర్చున్నచోటే నెత్తి మీదివి ఏరుకుని తినేశాడు. దిష్టి పోయిందో లేదో కానీ విటమిన్లు అందాయి.

ఇక వినాయక చవితి పత్రి. ఇరవై ఒక్క రకాల ఆకులు స్వయంగా కోసి తేవాలని ఒక పెద్దాయన పొద్దున్నే మన గ్రీన్‌వే పక్కకి వెళ్ళారు. మూడాకుల తీగ నిగనిగలాడుతుంటే మారేడులా ఉందని కోశారు. అది పాయిజన్ ఐవీ. స్వామికి ఇరవై ఒక్క పత్రి, ఆయనకి ఇరవై రెండోది. రెండు వారాలు చేతులు గోక్కుంటూ వచ్చి "స్వామి తీసుకోవాల్సిన దోషం నేను తీసుకున్నాను" అన్నారు. మేం వాదించలేదు.

ఆరోది మన పెళ్ళిళ్ళు. నలుగు అని మనకొకటుండేది. పెద్దముత్తైదువలు పసుపు, సున్నిపిండి పట్టించి, పాటలు పాడి, ఆటలు పట్టించేవాళ్ళు. దానికి ఇప్పుడు హల్దీ అని పేరు. ఒంటికి రాసుకునే పసుపు చిటికెడు, గోడకి కట్టే పసుపు పరదాలు నలభై గజాలు. అతిథులంతా పసుపు బట్టల్లో రావాలని కార్డులో రాస్తారు. అంత పసుపే కావాలంటే మార్చి నెలాఖరుదాకా ఆగితే చాలు కదా? పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లు, కిటికీలు, మా గుమ్మం ముందున్న చెప్పులతో సహా ఊరంతా పచ్చబడిపోతుంది. ఈ ఊరికి దేవుడు ఏటా ఉచితంగా చేసే హల్దీ అది. ఫొటోగ్రాఫరు కూడా అక్కర్లేదు, తుమ్ములే గుర్తుంటాయి.

హల్దీ తర్వాత సంగీత్. సంగీతం అంటే తెలిసినవాళ్ళు కూర్చుని పాడటం, సంగీత్ అంటే తెలియనివాళ్ళు నిలబడి ఎగరడం. పెళ్ళికొడుకు నాన్నగారు మోకాలి ఆపరేషన్ వాయిదా వేసుకుని రెండు నెలలు జూమ్‌లో డాన్సు నేర్చుకున్నారు. ఆ వారంలోనే జీలకర్రా బెల్లానికి ఉన్న ముహూర్తం ఎనిమిది నిమిషాలు మేకప్ వల్ల దాటిపోయింది. లగ్నం ఎవరికోసమూ ఆగదని పంతులుగారు మైకులో చెప్పారు, డ్రోన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

రిటర్న్ గిఫ్టుల సంగతి చెప్పకపోతే మా ఆడవాళ్ళు ఇంటికి రానివ్వరు. ఒక జాకెట్టు ముక్క ఉంది. నీలం రంగు, అంచున నెమళ్ళు. శ్రావణ మాసంలో మాలో ఒకరింట్లో తాంబూలంలో పెట్టింది. బొమ్మల కొలువుకి అపెక్స్ వెళ్ళింది, గృహప్రవేశానికి మోరిస్‌విల్, సీమంతానికి హోలీస్ప్రింగ్స్. మళ్ళీ శ్రావణానికి అదే కవరులో, అదే మడతతో, పెట్టిన ఇంటికే వచ్చి చేరింది. మనలో చాలామందికి గ్రీన్‌కార్డు లేదు కానీ ఆ ముక్క మాత్రం ఏ స్టాంపింగూ లేకుండా ఊళ్ళన్నీ తిరిగొచ్చింది.

ఏడోది డబ్బాలు. మనం ఉంటున్న ఊరి పేరే క్యారీ, క్యారియర్ లేకుండా ఎవరూ ఇంటికెళ్ళరు. ఈ పేరు వెనక కథ తెలుసు కదా? 1871లో ఊరుగా నమోదైనప్పుడు, ఊరు కట్టిన ఫ్రాంక్ పేజ్‌గారు ఒహాయోకి చెందిన శామ్యూల్ ఫెంటన్ క్యారీ పేరు పెట్టారు. ఆయన మద్యనిషేధం కోసం ప్రసంగాలు చేసిన మహానుభావుడు. మన పార్టీల్లో భోజనాల ముందు మగవాళ్ళంతా గరాజిలోకి మాయమై ఏం చేస్తారో ఆయనకి తెలియకపోవడమే మంచిది. తర్వాత రోజుల్లో ఉద్యోగాలకోసం ఉత్తరాదివాళ్ళు వచ్చి నిండిపోతే, ఇక్కడి పాతవాళ్ళు క్యారీ అంటే "కంటెయిన్‌మెంట్ ఏరియా ఫర్ రీలొకేటెడ్ యాంకీస్" అని వెక్కిరించారు. అంటే పైనుంచి దిగినవాళ్ళని ఒకచోట కట్టిపెట్టిన దొడ్డి అని. ఇప్పుడు మనం దిగాం. మనకి వేరే పేరు పెట్టలేదు, ఆ దొడ్డిలోనే సర్దుకోమన్నారు.

డబ్బాల మాట. పాట్‌లక్ అంటే షీటు తిరుగుతుంది. మొదటి ముప్ఫై మంది పేపరు ప్లేట్లు, నీళ్ళ సీసాలు రాస్తారు. ముప్ఫై ఒకటో మనిషికి బిర్యానీ మిగులుతుంది. తిన్నాక ఇల్లాలు మిగిలినవన్నీ పెరుగు డబ్బాల్లో సర్ది ఇస్తుంది. ఆ డబ్బాలు మళ్ళీ వెనక్కి రావు. మనలో ఎవరింట్లోనైనా వంటింటి అలమర తెరిచి చూడండి, మూతలు ఉంటాయి, డబ్బాలు ఉంటాయి, ఏ మూతా ఏ డబ్బాకీ పట్టదు. జాతకాలు కలవని పెళ్ళిళ్ళ బ్యూరోలాగా ఉంటుంది.

ఎనిమిదోది, ఆరు నెలల పెద్దవాళ్ళు. వీసా మీద వచ్చే అమ్మానాన్నలు. వీళ్ళు మా గుమ్మం దగ్గరి బెంచీ మీద ఎక్కువగా కనిపిస్తారు. పిల్లలు "గుళ్ళో దింపుతాం, మీకు కాలక్షేపంగా ఉంటుంది" అని దింపి వెళతారు. పొద్దుట ఇండియా మీద, మధ్యాహ్నం అమెరికా మీద, సాయంత్రం కోడలి మీద మాట్లాడతారు. చెప్పులు గూట్లో ఎలా పెట్టాలో మాకు సలహాలిస్తారు. ఒకాయనైతే, కోనసీమ నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు, రోజూ మా వాచీ చూసి ఎన్నయిందని అడిగి, అక్కడ ఎన్నయిందో తనే లెక్కకట్టి, "ఇప్పుడు మా వీధిలో పాలవాడు వస్తుంటాడు" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఇంతవరకూ నవ్వారు. ఇప్పుడొక సంగతి చెబుతాం. ఇది మేం ఎక్కడా చెప్పలేదు, చెబితే తప్పు మాదే కాబట్టి.

ఒక చలికాలం, వారం మధ్యలో, సాయంకాలం. గుళ్ళో జనం లేరు. ఒక కుర్రాడు గుమ్మం బయట నిలబడ్డాడు. బూట్లు విప్పడు, లోపలికి రాడు, వెళ్ళడు. పావుగంట చూశాం. మాకు వెటకారం ఎక్కువ కదా. మాలో ఒకరం అన్నాం: "ఏం బాబూ, బూట్లతో సహా దర్శనం అవుతుందేమోనని చూస్తున్నావా? మూడడుగులే, గూట్లో పెట్టి రా."

ఆ అబ్బాయి ఒక అడుగు వెనక్కి వేసి అన్నాడు: "లేదండీ, మైలలో ఉన్నాను. లోపలికి రాకూడదుగా. ఇక్కడిదాకా రావచ్చో లేదో తెలియక నిలబడ్డాను. అడగడానికి ఎవరూ లేరు."

తణుకు దగ్గర పల్లెలో వాళ్ళ నాన్న పోయి రెండు రోజులైంది. వీసా కాగితాలు మధ్యలో ఉన్నాయి, వెళితే తిరిగి రావడం ఎప్పటికో తెలియదు. ఇక్కడ భార్యకి ఎనిమిదో నెల. వెళ్ళలేదు. చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. అక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఇక్కడ రాత్రి ఒకటిన్నర. అపార్ట్‌మెంటు వంటింట్లో నిలబడి ఫోనులో చూశానన్నాడు. ఎవరో మరదలు పట్టుకుందట ఫోను, చేయి వణికి సగం ఆకాశమే కనిపించిందట.

మేం హారతి దగ్గర ఫోన్లు పట్టుకునేవాళ్ళ మీద ఇంతసేపు వెటకారం చేశాం. ఆ రాత్రి ఆ అబ్బాయికి ఉన్న దర్శనం అదొక్కటే.

మా ఐదుగురిలో ఎవరికీ మాట రాలేదు. మైల పట్టిన మనిషి గుడి గుమ్మం దాకా రావచ్చా అంటే జవాబు తెలియదు. కొడుకు అక్కడ లేనప్పుడు ఇక్కడ ఏం చేయాలంటే తెలియదు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడుండి, మూడు కార్లు కొన్నాం, ఇది నేర్చుకోలేదు.

బెంచీ మీద నుంచి మాస్టారు లేచారు. మేం నవ్వుకున్న ఆ కోనసీమ మాస్టారే. వెళ్ళి ఆ అబ్బాయి భుజం మీద చేయి వేశారు. "మీ నాన్న పేరేమిటి నాయనా?" అని అడిగారు. ఆ ప్రశ్న మాకు తోచలేదు. మేమైతే ఏ కంపెనీ అని అడిగి ఉండేవాళ్ళం. ఇద్దరూ పార్కింగులో, గోపురం కనిపించేచోట, కాలిబాట అంచున కూర్చున్నారు. చలిలో గంటసేపు. లోపలికి వెళ్ళకూడదన్న నియమం చెడలేదు, మనిషి ఒంటరిగానూ మిగల్లేదు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు మాస్టారిని ఎవరో ఒకరం కారులో ఆ ఇంటికి దింపాం. ఏ రోజు ఏం చేయాలో ఆయన చెప్పారు, పూజారిగారిని ఫోనులో అడిగి సరిచూసుకున్నారు. చాలా సమయం ఏమీ చేయకుండా ఊరికే కూర్చునేవారట. లేచేటప్పుడు వెళ్ళొస్తానని అనేవారు కాదు. అలాంటి ఇంట్లో ఆ మాట అనకూడదని మాలో సగంమందికి అప్పుడే తెలిసింది.

ఇక డబ్బాలు. ఎవరూ షీటు పెట్టలేదు, ఎవరూ పేపరు ప్లేట్లు అని రాయలేదు. రోజూ పొద్దునా సాయంత్రం ఆ గుమ్మం ముందు పెరుగు డబ్బాల్లో అన్నం, చారు, కూర ఉండేవి. ఎవరు పెట్టారో కొన్నిటికి పేరే లేదు. కడుపుతో ఉన్న పిల్ల పొయ్యి దగ్గర నిలబడకూడదని, అంతే. మూతలు పట్టని డబ్బాలకి రేకు కాగితం చుట్టి పంపారు. మేం వెక్కిరించిన డబ్బాలే అవి.

ఈ ఊళ్ళో తొలినాళ్ళలో ఉన్న పెద్దలు ఇక్కడ కూర్చున్నారు, వాళ్ళకి ఇది కొత్త కాదు. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు 1959లో మొదలైంది. ఆ తర్వాత ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్ళకి ఇక్కడ గోపురం లేదు. పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి గుడి 1976లో తెరిచాక, పిల్లాడి పుట్టువెంట్రుకలకి ఎనిమిది గంటలు కారు తోలుకుంటూ వెళ్ళినవాళ్ళున్నారు. క్యారీలో స్వామి గుడి 2009లో తెరిచారు, తొలినాళ్ళలో మన పూజలు ఇళ్ళల్లో, గరాజీల్లో జరిగాయి. అప్పుడు గుడి లేదు కానీ చెప్పకుండా వచ్చి తలుపు కొట్టేవాళ్ళుండేవారు. ఇప్పుడు గోపురం ఉంది. తలుపు కొట్టాలంటే ముందు మెసేజి పెట్టి, క్యాలెండరు చూసుకుని, మూడు వారాల తర్వాతి శనివారం నాలుగు నుంచి ఆరు మధ్య వెళుతున్నాం. పక్క అపార్ట్‌మెంటులో తండ్రి పోయిన పిల్లాడు "అడగడానికి ఎవరూ లేరు" అనేంతవరకూ వచ్చాం. ఇన్ని వేలమంది ఉన్న ఊళ్ళో ఆ మాట మాకు గుచ్చుకుంది. ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాం. ఆ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళాక మాస్టారిని పిలిచి పేరు చెవిలో చెప్పించారు. మాస్టారి ఆరు నెలలూ అయిపోయాయి. ఎయిర్‌పోర్టుకి ఆయన్ని తీసుకెళ్ళింది సొంత కొడుకు కాదు, ఆ అబ్బాయే. అడిగి మరీ తీసుకెళ్ళాడు. దిగేముందు మాస్టారు వాచీ చూసి, "ఇప్పుడు క్యారీలో చెప్పుల గది తాళం వేస్తుంటారు" అన్నారట. ఆ మాట మాకు చేరేసరికి మేం తాళమే వేస్తున్నాం.

కొన్నాళ్ళకి ఆ అబ్బాయి మా గుమ్మం దగ్గరికి ఒక పెద్ద సంచీ తెచ్చాడు. కడిగిన పెరుగు డబ్బాలు, నలభై పైచిలుకు. "ఎవరివో తెలియదండీ, మీరైతే చేరుస్తారని" అన్నాడు. ఒక్కొక్కటి తెరిచి చూస్తే ఖాళీగా లేవు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఒక్కొక్కదాంట్లో రెండేసి పూతరేకులు. వాళ్ళమ్మ ఆత్రేయపురం నుంచి పంపిందట. అన్ని డబ్బాలకీ మూతలు సరిపోయాయి. ఎలా సరిపోయాయో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అందుచేత సభ్యులకి మా బృందం విన్నపాలు మూడు.

ఒకటి: క్రాక్స్ మీద పేరు రాసుకోండి. ఇంగ్లీషులోనైనా పర్వాలేదు.

రెండు: ఈ నెలలో ఒక్క ఇంటికైనా మెసేజి పెట్టకుండా వెళ్ళండి. వాళ్ళు కంగారుపడతారు, ఇల్లు సర్దలేదంటారు, ఉప్మా చేస్తారు. తినేసి రండి. బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, ఏం అడగాలో వాళ్ళకి తెలుసు.

మూడు: మీ అలమరలో ఇతరుల డబ్బాలుంటే తిరిగి ఇచ్చేయండి. ఉత్తవి కాదు.

గుమ్మం బయట ఎవరైనా బూట్లు విప్పకుండా నిలబడి ఉంటే, వెటకారం చేయడానికి ముందు ఒకసారి పేరు అడుగుదామని మేం ఐదుగురం అనుకున్నాం. వెటకారం పూర్తిగా మానతామని మాత్రం మాట ఇవ్వలేం. అది మానితే ఈ ఉద్యోగంలో ఏం మిగులుతుంది?

ఐదు నిమిషాలు దాటాయని కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. అది ఇండియా టైములో ఉంది, మేం పట్టించుకోం. అయినా వంటగదిలోంచి పోపు వాసన వస్తోంది, మీరు మా మాట వినడం ఎప్పుడో మానేశారు. భోజనాలకి లేవండి. వెళ్ళేటప్పుడు ఎవరి చెప్పులు వాళ్ళే వేసుకోండి.

సెలవు.